వర్క్‌షాప్ కప్పు మీద సోలార్: పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

మీరు ఇచ్చిన వివరాలు ఇవి: రేకుల కప్పున్న వర్క్‌షాప్, రేకులకు 15 ఏళ్లు, పగటి షిఫ్ట్ ఒక్కటే, వారానికో రోజు సెలవు, కరెంటు పోతే జనరేటర్. 100 కిలోవాట్లకు మూడు కొటేషన్లు వచ్చాయి, వాటిలో ఒకటి బాగా తక్కువ. ఏ కంపెనీ ప్యానెల్ తీసుకోవాలి, మామూలుగా జనం ఎక్కడ దెబ్బతింటారు అని అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. ఐఈసీ 61215, ఐఈసీ 61730 (ప్యానెళ్ల నాణ్యత, భద్రతకు అంతర్జాతీయ ప్రమాణాలు) సర్టిఫికెట్లున్న పేరున్న కంపెనీల ప్యానెళ్లలో దేన్ని తీసుకున్నా మీ బిల్లులో పెద్ద తేడా రాదు. నేను పదమూడేళ్లుగా ఫ్యాక్టరీలు, గోడౌన్ల మీద సోలార్ పెట్టిస్తున్నాను. వేరేవాళ్లు పెట్టి వదిలేసినవి బాగుచేసే పనీ చేస్తున్నాను. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ప్యానెల్ చెడిపోయిందనేవి తక్కువ. కప్పు కారుతోందని, కనెక్టర్ కాలిందని, బిల్లు తగ్గలేదని పిలిచేవాళ్లే ఎక్కువ. వీటిలో చాలావరకు ప్యానెళ్లు లారీ దిగకముందే జరిగిపోయిన తప్పులు. అందుకే రెండో ప్రశ్నకు వివరంగా రాస్తున్నాను.

ముందు మీ కప్పు సంగతి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. మీ రేకులకు ఇప్పటికే 15 ఏళ్లు. ఇంకో ఏడెనిమిదేళ్లకు రేకులు మార్చాల్సి వస్తే ప్యానెళ్లు, వాటిని బిగించే రెయిళ్లు, కేబుళ్లు అన్నీ విప్పి కిందికి దింపాలి, రేకులు మార్చాలి, మళ్లీ అన్నీ ఎక్కించాలి. అన్నాళ్లూ సోలార్ కరెంటు ఉత్పత్తి ఉండదు. విప్పి బిగించే క్రమంలో కొన్ని ప్యానెళ్లు పగులుతాయి, కొన్ని కనెక్టర్లు సరిగా కూర్చోవు. కాబట్టి వచ్చే నెలలోనే పని మొదలుపెట్టాలన్న తొందర కాస్త పక్కన పెట్టి, ఒకసారి లోపల నిలబడి పైకి చూడండి. రేకు అడుగున తుప్పు మరకలు ఉన్నాయా? స్క్రూల చుట్టూ నీటి గీతలు కనిపిస్తున్నాయా? పర్లిన్లు (రేకుల కింద అడ్డంగా ఉండే ఇనుప దూలాలు) ఎక్కడైనా వంగాయా? ఒక పాత స్క్రూ విప్పించి దాని రబ్బరు వాషర్‌ను వేళ్ల మధ్య నలిపి చూడండి. బిస్కెట్‌లా విరిగిపోతే మిగతావీ అదే స్థితిలో ఉంటాయి. అలాంటప్పుడు రేకులు మార్చాకే సోలార్ పెట్టించండి. ఖర్చు ఎక్కువే, కానీ ఇప్పుడు ఒక్కసారితో పోతుంది.

బరువు గురించి అందరూ అడుగుతారు. 550 వాట్ల ప్యానెల్ సుమారు 2.3 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు ఉంటుంది. అంటే చదరపు మీటరుకు 11 కిలోలు, రెయిళ్లు, క్లాంపులు కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. 100 కిలోవాట్లకు 182 ప్యానెళ్లు, వాటి బరువే ఐదు టన్నులు. అయినా నన్ను ఎక్కువ భయపెట్టేది బరువు కాదు, గాలి. గాలి ప్యానెల్‌ను కిందికి నొక్కడమే కాదు, పైకి లాగుతుంది కూడా. కప్పు మూలల్లో, అంచుల్లో ఆ లాగుడు మధ్య భాగం కంటే చాలా ఎక్కువ. ఇంకో పది ప్యానెళ్లు పడతాయి కదా అని అంచుదాకా పరిచేసిన చోట్లే పెద్దగాలికి ప్యానెళ్లు లేచిపోతాయి. ట్రస్సులు (కప్పును మోసే ఇనుప చట్రాలు), పర్లిన్లు ఈ రెండు భారాలనూ తట్టుకుంటాయని ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకంతో కాగితం తీసుకోండి. "ఇలాంటివి చాలా చేశాం సార్, ఏమీ కాదు" అనే మాటతో సరిపెట్టుకోకండి. మీవి ఇనుప రేకులు కాక ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులైతే మాత్రం వాటికి రంధ్రాలు చేయనివ్వకండి. అవి మనిషి బరువుకే విరుగుతాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. వాటిని పద్ధతి ప్రకారం తీయించి, కొత్త రేకులు వేయించాక మిగతా పని.

లీకుల గురించి ఒకటి చూపిస్తాను. ఒక గోడౌన్‌లో సోలార్ పెట్టిన తర్వాత మొదటి వానకే సరుకు తడిసిందని పిలిచారు. నీళ్లు కారుతున్న చోట పైన ఏ స్క్రూ లేదు. కింది నుంచి టార్చి వేసుకుంటూ వెతికితే నాలుగు మీటర్ల అవతల దొరికింది. రేకు ఎత్తు భాగం మీద వేయాల్సిన స్క్రూను నీళ్లు పారే పల్లంలో వేశారు. పైగా డ్రిల్ మిషన్ వేగం తగ్గించకుండా బిగించడంతో వాషర్ రబ్బరు నలిగి పక్కకి ఉబికిపోయింది. పర్లిన్‌లో దిగాల్సిన ఆ స్క్రూ మొన, పర్లిన్ పక్కన గాలిలో వేలాడుతోంది. అంటే అది నీళ్లనీ ఆపడం లేదు, ప్యానెల్‌నీ పట్టుకోవడం లేదు. ఆ కప్పు మీద అలాంటివి అరవైకి పైగా తేలాయి. అందుకే పని జరుగుతుండగానే మీ మనిషి ఒకరు రోజూ సాయంత్రం లోపలి నుంచి టార్చితో స్క్రూ మొనలు చూడాలి. మీ రేకులు నిలువు మడతలు కలిపి నొక్కిన రకమైతే రంధ్రమే లేకుండా మడతను పట్టుకునే క్లాంపులు దొరుకుతాయి, అవే అడగండి. స్లాబ్ కప్పు ఉన్నవాళ్లకు ఒక్క మాట: వాటర్‌ప్రూఫింగ్ ముందు చేయించండి, వీలైతే డ్రిల్ చేయకుండా కాంక్రీటు దిమ్మెల మీద స్ట్రక్చర్ నిలబెట్టండి, దిమ్మెలు నీళ్లు పోయే దారికి అడ్డం రాకుండా చూడండి.

రేకుల కప్పుల మీద నన్ను నిజంగా కలవరపెట్టేది ఇంకోటి ఉంది. వెలుతురు కోసం అక్కడక్కడా ఫైబర్ రేకులు వేస్తారు కదా, దుమ్ము పట్టాక పైనుంచి చూస్తే అవి ఇనుప రేకుల్లాగే కనిపిస్తాయి. పనివాడు కాలు పెడితే నేరుగా కిందికి. ప్రాణాలు పోయేది ఇలాగే. పని మొదలుపెట్టే ముందు ప్రతి ఫైబర్ రేకునూ రంగుతో గుర్తు పెట్టించండి, దాని మీద జాలీ వేయించండి, పైకి ఎక్కే ప్రతివాడికీ ఒంటి మొత్తాన్ని పట్టే సేఫ్టీ హార్నెస్, దాన్ని తగిలించే తాడు ఉండాలని కాంట్రాక్టులో రాయించండి. ఆ ఫైబర్ రేకుల మీద ప్యానెళ్లు కప్పేస్తే మీ షాప్‌ఫ్లోర్ చీకటవుతుంది, పగలే లైట్లు వేసుకోవాలి. డ్రాయింగ్ చూసేటప్పుడు ఇది ఎవరూ గమనించరు.

నీడ విషయం. ఒక స్ట్రింగ్‌లో ప్యానెళ్లు దండలో పూసల్లా వరుసగా కలిసి ఉంటాయి, అన్నిటిలోనూ ఒకే కరెంటు పారాలి. ఒక ప్యానెల్ మీద టర్బో వెంటిలేటర్ నీడ పడితే అందులోని బైపాస్ డయోడ్ ఆ భాగాన్ని పక్కకు తప్పిస్తుంది. ఉత్పత్తి కొంత పోతుంది, ఆ డయోడ్ రోజూ వేడెక్కుతుంది. చిమ్నీ, వాటర్ ట్యాంకు, పిట్టగోడ, పక్కింటి భవనం, మొబైల్ టవర్ అన్నీ చూడాలి. సర్వేకి వచ్చినవాళ్లు మిట్టమధ్యాహ్నం వచ్చి "నీడ లేదు" అని రాసుకుపోతారు. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు, నీడలు బాగా సాగుతాయి. ఏడాది మొత్తానికి నీడల లెక్క కంప్యూటర్‌లో వేసిన రిపోర్టు అడగండి. పక్క స్థలం ఖాళీగా ఉంటే అక్కడ రేపు ఏం లేస్తుందో కూడా ఆలోచించండి.

ఇక కరెంటు లెక్క. 100 కిలోవాట్లు అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? చాలాచోట్ల కప్పు మీద ఎన్ని పడితే అన్ని అనే లెక్కతో వస్తుంది. సరైన పద్ధతి మీ మీటర్ నుంచి 15 నిమిషాలు లేదా అరగంటకోసారి నమోదైన ఏడాది వాడకం తీసుకుని, గంట గంటకూ వచ్చే సోలార్ ఉత్పత్తి పక్కన పెట్టి చూడటం. మీకు వారంలో ఒక రోజు సెలవు, అంటే ఏడు రోజుల ఉత్పత్తిలో ఒక రోజుది దాదాపు మొత్తం గ్రిడ్‌కు (బయటి కరెంటు లైనుకు) పోతుంది. దానికి మీకేం ఇస్తారన్నది మీ దగ్గరి నిబంధనల మీద ఆధారపడుతుంది. సరిగా ఇవ్వని చోట చిన్న ప్లాంటే లాభం. డిమాండ్ చార్జీ (మీ గరిష్ఠ లోడును బట్టి వేసేది) గురించి కూడా ఒక భ్రమ ఉంటుంది. మీ గరిష్ఠ లోడు సాయంత్రమో, మబ్బు పట్టినప్పుడో వస్తే ఆ చార్జీ సోలార్ పెట్టినా తగ్గదు. "బిల్లు సగం అవుతుంది" అన్నవాళ్లను యూనిట్ల చార్జీ ఎంత తగ్గుతుంది, డిమాండ్ చార్జీ ఎంత తగ్గుతుంది అని విడివిడిగా అడగండి.

పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న మొత్తం పవర్‌లో నిజంగా పనికొచ్చిన వంతు) దగ్గర చాలామంది ఫ్యాక్టరీవాళ్లు మోసపోయామనుకుంటారు. నిజానికి ఎవరూ మోసం చేయరు, ముందుగా చెప్పరంతే. మీ లోడు 100 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.95 అనుకుందాం. మోటార్లలో అయస్కాంత క్షేత్రం కోసం కావాల్సిన రియాక్టివ్ పవర్ దాదాపు 33 కేవీఏఆర్ (దాన్ని కొలిచే యూనిట్). సోలార్ 70 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి 30 కిలోవాట్లే తీసుకుంటారు, కానీ ఆ 33 కేవీఏఆర్ మాత్రం గ్రిడ్ నుంచే వస్తుంది. మీటర్‌కు ఇప్పుడు కనిపించే పవర్ ఫ్యాక్టర్ 0.67. యంత్రాలు మారలేదు, వాడకం మారలేదు, అయినా పెనాల్టీ పడుతుంది. దీనికి మందు ఉంది. ఇన్వర్టర్‌తోనే (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే పరికరం) కొంత రియాక్టివ్ పవర్ ఇప్పించవచ్చు. కెపాసిటర్ ప్యానెల్ (రియాక్టివ్ పవర్ ఇచ్చే పెట్టె) ఉంటే దాని సీటీ (కరెంటును కొలిచే సెన్సర్) గ్రిడ్ కరెంటు లోపలికి వచ్చే చోట ఉందో, సోలార్ కలిసే చోటు దాటాక ఉందో చూసి సరిచేయాలి. సోలార్ ఎక్కువై కరెంటు వెనక్కి పోయినప్పుడు కూడా సరిగా లెక్క కట్టే కంట్రోలర్ పెట్టాలి. ఇదంతా డిజైన్‌లో ఉందా అని మూడు కంపెనీలనూ అడగండి. ప్రశ్నే అర్థం కానివాళ్లను నేనైతే పక్కన పెడతాను.

జనరేటర్ ఉందన్నారు. ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, గ్రిడ్ పోగానే మామూలు సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. బయట లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలాగే తయారుచేస్తారు. ఎండ మండుతున్నా, కప్పు నిండా ప్యానెళ్లున్నా మీ యంత్రాలు ఆగుతాయి. బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ ఉంటేనే వేరే కథ. రెండోది, జనరేటర్ ఎక్కగానే దాని వోల్టేజీ చూసి సోలార్ ఇన్వర్టర్ గ్రిడ్ వచ్చిందనుకుని మొదలైపోతుంది. లోడు 60 కిలోవాట్లు, సోలార్ 70 ఇస్తోంది అనుకోండి, మిగిలింది జనరేటర్‌లోకి వెనక్కి తోస్తుంది. జనరేటర్ ట్రిప్ అవుతుంది, కాపాడే రిలే లేకపోతే దెబ్బతింటుంది. డీజిల్ ఇంజిన్‌ను దాని సామర్థ్యంలో 30 శాతం కంటే తక్కువ లోడు మీద గంటల తరబడి నడపడమూ మంచిది కాదు, పొగగొట్టంలో కాలని ఇంధనం పేరుకుంటుంది. జనరేటర్ నడుస్తున్నప్పుడు సోలార్‌ను తగ్గించే కంట్రోలర్ పెట్టించండి. వద్దనుకుంటే జనరేటర్ ఎక్కినప్పుడు సోలార్ బ్రేకర్ పడిపోయేలా ఇంటర్‌లాక్ చేయించండి, అది చవక, సులువు.

డీసీ వైరింగ్ (ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా వచ్చే తీగలు) మంటలకు సంబంధించింది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. ఏసీలో కరెంటు సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు వస్తుంది, అందువల్ల స్విచ్ తీసినప్పుడు పుట్టిన నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా రాదు, ఆర్క్ (గాలిలోంచి దూకే నిప్పు) పుడితే సాగుతూనే ఉంటుంది, ప్లాస్టిక్‌ను, రేకును కూడా కరిగిస్తుంది. అందుకే డీసీ వైపు ఏసీ బ్రేకర్లు వాడిన చోటు కనిపిస్తే నేను ముందు అది మార్పిస్తాను. మెయిన్ ఆపేసినా వెలుతురున్నంతసేపు ప్యానెళ్ల తీగల్లో వోల్టేజీ ఉంటుందని మీ ఎలక్ట్రీషియన్‌కు, అగ్నిమాపక సిబ్బందికి తెలిసేలా బోర్డు పెట్టండి.

ఈ మంటలకు తరచుగా కనిపించే మూలం కనెక్టర్. ప్యానెల్‌తో వచ్చిన కనెక్టర్ ఒక కంపెనీది, కాంట్రాక్టర్ కేబుల్‌కు వేసింది ఇంకో కంపెనీది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, టక్ మని లాక్ కూడా అవుతాయి. కానీ లోపలి పిన్నుల కొలతలో, లోహపు పూతలో సన్నని తేడా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ చోట నిరోధం పెరిగి వేడెక్కుతుంది. నేను విప్పి చూసిన ఒకటి బయట నుంచి మామూలుగానే ఉంది, లోపల పిన్ను బొగ్గులా నల్లగా అయి చేతిలోనే పొడి రాలింది. అదే కంపెనీ, అదే మోడల్ కనెక్టర్లు వాడాలని రాయించండి. క్రింపింగ్ (తీగను పిన్నులో నొక్కి బిగించడం) కటింగ్ ప్లేయర్‌తో కాకుండా ఆ కనెక్టర్‌కు చెప్పిన టూల్‌తోనే చేయాలి. కేబుళ్లు, కనెక్టర్లు రేకు మీద పడి నీళ్లలో నానకూడదు, రెయిల్‌కు ఎండకు చివకని టైలతో కట్టాలి. మొదటి ఎండాకాలంలోనే థర్మల్ కెమెరాతో ఒకసారి చూపించుకోండి, వేడెక్కే కనెక్టర్ కాలకముందే దొరుకుతుంది.

స్ట్రింగ్ వోల్టేజీ లెక్కలో జరిగే తప్పు మొదటి చలికాలంలో బయటపడుతుంది. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (లోడు లేనప్పుడు ఉండేది) 50 వోల్టులు, ఇన్వర్టర్ తట్టుకునేది 1000 వోల్టులు అనుకుందాం. 19 ప్యానెళ్లకు 950, హాయిగా సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ 50 వోల్టులు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. చల్లబడే కొద్దీ వోల్టేజీ డిగ్రీకి సుమారు 0.27 శాతం పెరుగుతుంది. ఉదయం 5 డిగ్రీలుంటే అదే స్ట్రింగ్ 1001 వోల్టులు ఇస్తుంది. ఇన్వర్టర్ లోపల పార్టులు పోవచ్చు, పరిమితి దాటిందని కంపెనీ వారంటీ తోసిపుచ్చవచ్చు. 18 అయితే 949 దగ్గర ఆగుతుంది. మీ ప్రాంతంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతతో ఈ లెక్క వేసి చూపించమనండి. వేడి వైపు కూడా నష్టం ఉంది. ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పవర్ పోతుంది. రేకుకు అంటుకుపోయినట్టు బిగించకుండా కింద గాలి ఆడేలా ఖాళీ వదలమనేది ఇందుకే. ఇన్వర్టర్‌కూ అంతే, పడమటి ఎండ పడే గోడకో, బాయిలర్ పక్కనో తగిలిస్తే మధ్యాహ్నం తన పవర్ తానే తగ్గించుకుంటుంది.

ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్షన్ (పిడుగులాంటి వాటితో ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ నుంచి రక్షణ) కూడా వదిలేయకండి. ఫ్రేములన్నీ ఒకదానికొకటి కలిసి ఎర్త్‌కు చేరాయో లేదో కొలిచి చూపించమనండి.

కొటేషన్లు పోల్చేటప్పుడు "100 కిలోవాట్లు" అంటే ప్యానెళ్ల లెక్కా, ఇన్వర్టర్ లెక్కా అని అడగండి. 100 కిలోవాట్ల ప్యానెళ్లకు 80 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టడం తప్పు కాదు, అది మామూలే. కానీ ఒకరు అలా, ఇంకొకరు ఇలా లెక్కేస్తే ధరలు పోల్చలేం. ఉత్పత్తి హామీని కూడా మీరే సరిచూసుకోవచ్చు. రోజుకు చదరపు మీటరుకు 5 యూనిట్ల ఎండ పడే చోట 100 కిలోవాట్లకు లెక్క ప్రకారం 500 యూనిట్లు రావాలి. వేడి, దుమ్ము, కేబుళ్లు, ఇన్వర్టర్ నష్టాలు పోగా 75 నుంచి 85 శాతం చేతికొస్తే మంచి ప్లాంటు, అంటే సుమారు 400. అంతకు మించి బాగా ఎక్కువ రాసినవాడు ఏదో దాటవేశాడు.

బాగా తక్కువగా వచ్చిన ఆ కొటేషన్‌లో నడిచే దారి, కప్పు మీద నీళ్ల పైపు, లైఫ్‌లైన్ తాడు ఉన్నాయేమో చూడండి. ధర తగ్గేది సాధారణంగా వీటి దగ్గరే. నడిచే దారి లేకపోతే శుభ్రం చేసేవాళ్లు ప్యానెళ్ల మీదే నడుస్తారు. అద్దం పగలదు కానీ లోపల సెల్స్‌లో కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లని నీళ్లు కొట్టించకండి, ఉదయమే కడిగించండి. ఉప్పు నీళ్లయితే తెల్లటి పొర కడుతుంది.

కాగితాల సంగతి: గ్రిడ్ అనుమతి చేతికి రాకముందు అడ్వాన్స్ తప్ప పెద్ద మొత్తం ఇవ్వకండి. స్థలం అద్దెదైతే యజమాని రాతపూర్వక అనుమతి, ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే సమాచారం తప్పనిసరి. సోలార్ పెట్టిన విషయం చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర చిక్కు. చివరి చెల్లింపులో కొంత ఆపి ఉంచండి. ఐఈసీ 62446-1 ప్రకారం చేసిన పరీక్షల రిపోర్టు, పెట్టింది పెట్టినట్టు గీసిన డ్రాయింగ్, ప్యానెళ్ల సీరియల్ నంబర్ల జాబితా చేతికొచ్చాకే అది ఇవ్వండి. ప్యానెల్ వారంటీ కంపెనీది, కప్పు కారితే బాధ్యత కాంట్రాక్టర్‌ది. ఈ రెండోది ఎన్నేళ్లో విడిగా రాయించాలి, లేకపోతే అది ఎవరిదీ కాదు.

మానిటరింగ్ అకౌంట్ (ఉత్పత్తిని ఇంటర్నెట్‌లో చూపించేది) మాత్రం మొదటి రోజు నుంచే మీ కంపెనీ ఈమెయిల్ మీద ఉండాలి, కాంట్రాక్టర్ ఈమెయిల్ మీద కాదు. ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ మారిస్తే ఇన్వర్టర్‌లో కూడా మార్చాలని రాసి పెట్టుకోండి. ఒక చోట అలా పాస్‌వర్డ్ మార్చాక ఏడు నెలలు ఎవరూ చూడలేదు, ఆ మధ్యలో రెండు స్ట్రింగుల ఫ్యూజులు పోయి ప్లాంటులో ఐదో వంతు నిద్రపోయింది. మొత్తం యూనిట్లు చూస్తే మబ్బులవల్ల తగ్గాయనిపిస్తుంది, స్ట్రింగ్ వారీగా చూస్తేనే పట్టుబడుతుంది. మీ మూడు కొటేషన్లలో స్ట్రింగ్ వారీ మానిటరింగ్ ఎవరిస్తున్నారో చూసి చెప్పండి. మీటర్ డేటా, కప్పు లోపలి నుంచి తీసిన నాలుగు ఫొటోలు కూడా పెడితే సైజు ఎంత సరిపోతుందో లెక్క వేసి పెడతాను.